లాన్‌కి విత్తనమా, కార్పెట్ గడ్డా? ముందు ఆ మట్టి ఎవరిదో అడగండి



ఈ వీడియో సైదాబాద్‌లో తీసింది. పొలం కాదు, ఒక ఇంటి ముందున్న 50 గజాల ఖాళీ జాగా. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి లాన్‌తో ఏం పని అని కొందరికి అనిపించొచ్చు. పని ఉంది. వానాకాలం దగ్గరపడితే చాలు, సిటీలో ఉన్నవాళ్లు నన్ను అడిగే మాట ఇదే: "అన్నా, ఇంటి ముందు గడ్డి వేద్దామనుకుంటున్నం. విత్తనం చల్లాల్నా, కార్పెట్ తెచ్చి పరవాల్నా?" నగరం చుట్టుపక్కల పొలం ఉన్న రైతులు ఇదే విషయాన్ని ఇంకో వైపు నుంచి అడుగుతున్నారు: "కార్పెట్ గడ్డి పెంచేటోళ్లు కౌలుకు భూమి అడుగుతున్నరు, ఇయ్యొచ్చా?"

ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కచోటే ఉంది. అది మట్టిలో ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కడో కొన్ని చోట్ల తప్ప కార్పెట్ గడ్డి వద్దు. విత్తనం దానికంటే మేలు. ఆ రెండిటికంటే మేలైన పద్ధతి మన చేతిలోనే ఉంది, దానికి కావలసినవి గరిక వేర్లు, ఆవు పేడ. ఎందుకో లెక్కలతో సహా చూద్దాం.

కార్పెట్‌తో పాటు ఏం పోతుంది?

నర్సరీల్లో కార్పెట్ గడ్డి అని అమ్మేది పలకలుగానో, చాపలా చుట్టిన చుట్టలుగానో వస్తుంది. పొలంలో గడ్డి పెంచి, అది అల్లుకున్నాక వేర్లతో, వేర్లు పట్టుకున్న మట్టితో సహా కోసి లారీ ఎక్కిస్తారు. పరిచిన రోజే పచ్చగా కనబడుతుంది. గృహప్రవేశం నాటికి ఇంటి ముందు పచ్చగా ఉండాలనుకునేవాళ్లకి అది బాగా నచ్చుతుంది. అందులో తప్పేం లేదు.

కానీ ఆ పలక మందంలో మట్టి ఎంత? సెంటీమీటరున్నర అనుకుందాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఎకరం మీద సెంటీమీటరున్నర మందం లేచిపోతే దాదాపు 60 ఘనపు మీటర్లు. ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల లెక్కన 20 ట్రాలీలు. అందులో వేర్లు, ఎండు గడ్డి కూడా ఉంటాయి కదా అంటారా? సరే, సగమే మట్టి అనుకోండి. అయినా 10 ట్రాలీలు. అదీ ఒక్క కోతకి. మళ్లీ గడ్డి పెంచి మళ్లీ కోస్తే మళ్లీ పోతుంది.

పోయేది కూడా పైమట్టి. వానపాము తిరిగేది, సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది, మనం జీవామృతం పోసి పోసి బతికించుకునేది ఆ పై పొరనే. అంగుళం పైమట్టి సహజంగా తయారవ్వాలంటే వందల ఏళ్లు పడుతుందని మట్టి శాస్త్రం చెబుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల్లో పూడిక తీస్తుంటే మన రైతులు ఏం చేశారు? ట్రాక్టర్లు పెట్టుకుని ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. సొంత డబ్బు పెట్టి మరీ తోలుకున్నారు. ఒక పక్క పొలానికి మట్టి తోలుకుంటూ, ఇంకో పక్క అదే పొలం మీది మట్టిని చాపల్లా చుట్టి సిటీకి పంపడం ఏం లెక్క?

అందరూ అలా చేయరు, అది కూడా చెప్పాలి. కొందరు ప్లాస్టిక్ షీట్ పరిచి, దాని మీద పలుచగా మట్టి పోసి గడ్డి పెంచుతారు. వాళ్ల పొలం నేల కదలదు. కానీ షీట్ మీద పోసిన మట్టి కూడా ఎక్కడో ఒకచోట తవ్విందే. అందుకే కొనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. రేటు అడిగే ముందు మట్టి ఎక్కడిదో అడగండి. యూరియా ఎంత వేశారు, కలుపు మందు కొట్టారా, పురుగు మందు కొట్టారా అని కూడా అడగండి. ఆ గడ్డి మీద రేపు మీ పిల్లలు దొర్లుతారు.

సైదాబాద్ నేలలో కార్పెట్ ఎందుకు అలిసిపోతుంది?

సైదాబాద్, సంతోష్‌నగర్, చంపాపేట్ వైపు పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కడుతున్న జాగాల్లో పార పెట్టి చూడండి. పైన రెండంగుళాలు కొత్తగా పోసిన ఎర్రమట్టి. దాని కింద ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, టైల్స్ కచరా. ఆ కింద మొరం. కార్పెట్ వేసేవాళ్లు ఎక్కువగా ఆ పైమట్టిని చదును చేసి దాని మీదే పలకలు పరిచి వెళ్లిపోతారు.

అప్పుడేం అవుతుంది? ఒకచోట పుట్టిన మట్టితో వచ్చిన వేరు, కింద వేరే రకం మట్టి తగలగానే దిగడానికి మొరాయిస్తుంది. రెండు పొరల మధ్య నీళ్లు కూడా సరిగా పారవు. వేరు పైపైనే ఉండిపోతుంది. పైపైన ఉన్న వేరుకి రోజూ తడి కావాలి. మే నెలలో రెండు రోజులు నీళ్లు లేకపోతే పలకల అంచులు పైకి లేచి ఎండిపోతాయి. అప్పుడు ఇంకో నాలుగు పలకలు కొంటారు.

నీళ్ల లెక్క కూడా చూడండి. 50 గజాలు అంటే సుమారు 42 చదరపు మీటర్లు. ఎండాకాలంలో చదరపు మీటరుకి రోజుకి అయిదు లీటర్లు పోస్తే 210 లీటర్లు, నెలకి 6,300 లీటర్లు. హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్ల దాకా నీళ్లు ఉచితంగా ఇస్తున్నారు. ఆ కోటాలో దాదాపు మూడో వంతు గడ్డికే పోతుందన్నమాట. సైదాబాద్ వైపు నల్లాలో వచ్చేది కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ దగ్గర నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోసి తెచ్చిన నీళ్లవి. అవి పోసి పైపైన వేర్లున్న గడ్డిని బతికించడం అవసరమా?

"అయితే లాన్ మానేసి టైల్స్ వేసుకోమంటావా" అని అడుగుతారు. వద్దు. టైల్స్ కంటే గడ్డి వంద రెట్లు నయం. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఆ 50 గజాల మీద ఏడాదికి 33 వేల లీటర్లు. గడ్డి ఉండి, కింద నేల గుల్లగా ఉంటే అందులో చాలా వరకు భూమిలోకి ఇంకుతుంది. టైల్స్ వేస్తే మొత్తం రోడ్డు మీదికే. 2020 అక్టోబరు వానలకి సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు ఎలా మునిగాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంటి ముందు 50 గజాల మట్టి నేల మిగలడం చిన్న విషయం కాదు. ఆ మట్టిని బతికున్న మట్టిగా ఉంచాలన్నదే నా బాధ.

విత్తనం సంగతి

విత్తనం మేలు అన్నాను. ఎందుకంటే గింజ మొలిచిన చోటే వేరు దిగుతుంది. ఆ నేలకి మొదటి రోజు నుంచే అలవాటు పడుతుంది. ఎవరి పొలం మట్టీ కదలదు. ఖర్చు కూడా తక్కువ. చదరపు మీటరుకి 5 నుంచి 8 గ్రాముల లెక్కన 50 గజాలకి పావు కిలో నుంచి 350 గ్రాములు చాలు.

అయితే ప్యాకెట్ కొనే ముందు మూడు సంగతులు తెలుసుకోండి.

ఒకటి. ప్యాకెట్ మీద బెర్ముడా గ్రాస్ అని రాసి ఉంటుంది. పేరు చూసి ఎక్కడి నుంచో వచ్చిన గొప్ప గడ్డి అనుకుంటారు. అది మన గరికే. వినాయక చవితికి దేవుడికి పెట్టే గరిక. చేలో కనబడితే తిట్టుకుంటూ పీకి గట్టున పడేసే గరిక. దాన్నే సిటీలో ప్యాకెట్ కట్టి అమ్ముతున్నారు.

రెండు. అన్ని గడ్డి రకాలూ విత్తనంతో రావు. క్రికెట్ గ్రౌండ్లలో, గోల్ఫ్ కోర్సుల్లో వేసే టిఫ్‌వే లాంటి హైబ్రిడ్ రకాలు గొడ్డు రకాలు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో తయారుచేసి 1960లో విడుదల చేశారు దాన్ని. రెండు గరిక జాతుల సంకరం అది, దానికి మొలిచే గింజ రాదు. పిలకలతోనే పెంచాలి. నర్సరీల్లో మెక్సికన్ గడ్డి అని ఇచ్చేదాన్ని కూడా మన దగ్గర పిలకలతోనే పెంచుతారు. కాబట్టి "మెక్సికన్ లాన్ విత్తనాలు, వారంలో పచ్చదనం" అని ఎవరైనా అమ్మితే జాగ్రత్త.

మూడు. గింజకి రంగు పూత ఉంటే ఏం మందు పట్టించారో ప్యాకెట్ వెనకాల చదవండి. మనం బీజామృతంతో విత్తనశుద్ధి చేసేవాళ్లం. మందు పట్టించిన గింజ మనకి అక్కర్లేదు.

విత్తనంలో ఇబ్బందులు లేవా? ఉన్నాయి. గింజ చాలా సన్నం. ఇసుకలో కలిపి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చల్లాలి. పైన పలుచగా మట్టి పడితే చాలు, లోతుకు పోతే మొలవదు. మొలవడానికి పది రోజుల నుంచి మూడు వారాలు పడుతుంది. ఈలోపు చీమలు మోసుకుపోతాయి, సైదాబాద్ పావురాల సంగతి చెప్పనక్కర్లేదు. ఒక్క పెద్ద వాన కొడితే గింజలన్నీ కొట్టుకుపోయి గేటు దగ్గర కుప్పపడతాయి. అందుకే విత్తనం చల్లాక పలుచగా గడ్డి ఆచ్ఛాదన వేయాలి, రోజుకి రెండుసార్లు పూలకుండీలకు పోసినట్టు సన్నగా నీళ్లు చల్లాలి. ఓపిక ఉన్నవాళ్లకి ఇది మంచి దారే.

మన దారి: గరిక, పేడ, మట్టి

ఇప్పుడు వీడియోలో చూపించిన పద్ధతికి వద్దాం. ఇది నేను కనిపెట్టింది కాదు. ఉద్యానశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో టర్ఫ్ ప్లాస్టరింగ్ అనే పేరుతో ఎప్పటినుంచో ఉంది. చదివినవాళ్లు చేయడం మానేశారు, అంతే. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి చూడగానే అర్థమైపోతుంది, ఎందుకంటే మన బీజామృతం, విత్తన ఉండల ఆలోచన కూడా ఇలాంటిదే.

లెక్క ఇది. కలుపు లేని గరికను వేర్లతో సహా తెచ్చి, కడిగి, రెండు మూడు అంగుళాల ముక్కలుగా నరకాలి. రెండు తట్టల గరిక ముక్కలకి ఒక తట్ట జల్లించిన మట్టి, ఒక తట్ట పచ్చి ఆవు పేడ, గుప్పెడు కట్టెల బూడిద. నీళ్లు పోసి ముద్దలా కలపాలి. తడిపి చదును చేసిన నేల మీద అంగుళం మందాన అలకాలి. పైన పలుచగా మట్టి చల్లి, ఎండు గడ్డి కప్పాలి. గరికలో ప్రతి కణుపూ ఒక మొక్కే కాబట్టి రెండు వారాల్లో చిగుళ్లు కనబడతాయి. పేడ పట్టు ఉండటం వల్ల మామూలు వానకి కొట్టుకుపోదు.

50 గజాలూ ఇలా అలకాలంటే దాదాపు ఒక ఘనపు మీటరు ముద్ద కావాలి. అంత పచ్చి పేడ సిటీలో దొరకడం కష్టం. అందుకని నేను చెప్పేదేమిటంటే, వాలుగా ఉన్నచోట, గేటు దగ్గర, వాన నీళ్లు పారే చోట మాత్రం అలకండి. మిగతా జాగాలో ఆరంగుళాలకొక చిన్న గుంత చేసి, బీజామృతంలో ముంచిన పిలకల్ని నాటండి. రెండు మూడు నెలల్లో అల్లుకుంటుంది. గరిక కాకుండా మెక్సికన్ గడ్డే కావాలని ఇంట్లోవాళ్లు పట్టుబడితే నాలుగైదు పలకలే కొని, విడదీసి నాటుకోండి. గజం పలక ఎనిమిది, పది గజాలకు సరిపోతుంది. లారీ మట్టి అవసరం ఉండదు.

నేల తయారీకి తొందరపడొద్దు, సగం పని అక్కడే ఉంది. రోహిణి కార్తెలో జానెడు లోతు తవ్వి ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఏరేయాలి. ఒకసారి తడిపి వదిలేస్తే ఉన్న కలుపంతా మొలుస్తుంది. దాన్ని తీసేసి ఇంకోసారి తడపాలి. తుంగ కనబడితే ఆకు పీకితే లాభం లేదు, కింద గడ్డ దాకా తవ్వి తీయాలి. తుంగ మిగిలిన నేలలో విత్తనం వేసినా, కార్పెట్ పరిచినా, పేడ అలికినా చివరికి తుంగే గెలుస్తుంది. తర్వాత నాలుగైదు కిలోల ఘనజీవామృతం చల్లి కలపాలి. ఇంటి గోడ వైపు నుంచి బయటికి కొంచెం వాలు ఉండేలా చదును చేయాలి. మృగశిర వానలు పడ్డాక నాటుకుంటే నల్లా నీళ్ల అవసరం చాలా తగ్గుతుంది.

ఆ తర్వాత 15 రోజులకోసారి జీవామృతం. ఎకరానికి 200 లీటర్ల లెక్కన 50 గజాలకి రెండు లీటర్లే వస్తుంది. దాన్ని 20 లీటర్ల నీళ్లలో కలిపి నేల తడిగా ఉన్నప్పుడు చల్లితే చాలు. గడ్డి కోశాక ఆ తుక్కును చెత్తబండిలో వేయకండి. అక్కడే పలుచగా వదిలేయండి, అదే ఆచ్ఛాదన.

ఎండాకాలంలో గరిక ఎర్రబడుతుంది. చచ్చిపోయిందని కంగారుపడి రోజూ నీళ్లు పెట్టొద్దు. వేరు లోపల బతికే ఉంటుంది. వారానికి రెండు తడులు ఇస్తే నిలుస్తుంది, వాన పడగానే మళ్లీ పచ్చబడుతుంది. పన్నెండు నెలలూ ఒకే పచ్చదనం కావాలనుకోవడం టీవీల్లో చూసి వచ్చిన కోరిక. మన ఊరి గడ్డికి మన ఊరి కాలాలు ఉంటాయి.

గరికతో రెండు చిక్కులు చెప్పకపోతే తప్పవుతుంది. నీడలో అది పెరగదు. పక్కన నాలుగంతస్తుల బిల్డింగు ఉండి ఎండ తగలని చోట గరిక కోసం తంటాలు పడకండి. ఆకులు, ఎండుగడ్డి పరిచి కరివేపాకు, అరటి లాంటి నాలుగు మొక్కలు పెట్టుకోండి. రెండోది, గరిక పక్క మడుల్లోకి పాకుతుంది. కూరగాయల మడులుంటే మధ్యలో జానెడు లోతు ఇటుకల అడ్డం కట్టాలి. ఈ సంగతి రైతులకి నేను చెప్పేదేముంది.

కార్పెట్ ఎక్కడ వాడొచ్చు?

మొండిగా మాట్లాడటం నాకిష్టం లేదు. వాన మధ్యలో కట్ట కోసుకుపోతుంటే, నిలువు వాలు మీద మట్టి జారుతుంటే పలకలే పట్టు ఇస్తాయి. చావిడి చుట్టూ, ఇంకుడు గుంత అంచుల్లో అలాంటి అవసరం రావచ్చు. పిల్లల ఆటస్థలం నెలలో తెరవాలని స్కూలువాళ్లు అడిగితే వాళ్ల ఇబ్బంది కూడా అర్థం చేసుకోవచ్చు. ఆ కొద్ది జాగాకి వాడండి. కింద నేల మాత్రం పైన చెప్పినట్టే తయారుచేయండి, లేకపోతే డబ్బు రెండుసార్లు పెట్టాలి.

కౌలు అడిగినవాళ్లకి ఏం చెప్పాలి?

ఇక రైతుల ప్రశ్న. కార్పెట్ గడ్డికి భూమి ఇస్తే మంచి కౌలు వస్తుందని ఆశ పడటం తప్పు కాదు. పంటకి ధర రాని ఏడాది ఇంట్లో ఖర్చులు ఆగవు కదా. కానీ కౌలు కాగితం మీద సంతకం పెట్టేముందు పైన చెప్పిన ట్రాలీల లెక్క వేసుకోండి. అయిదేళ్లు జీవామృతం పోసి, ఆచ్ఛాదన వేసి, వానకు ముందు నవధాన్యాలు చల్లి తయారుచేసుకున్న పై పొర రెండు మూడు కోతల్లో వెళ్లిపోతుంది. కౌలు డబ్బుతో ఆ మట్టిని మళ్లీ కొనగలరా? కొన్నా, బతికున్న మట్టి దొరుకుతుందా? ఇవ్వక తప్పని పరిస్థితి ఉంటే షీట్ మీదే పెంచాలని, పొలం మట్టి కొయ్యకూడదని, కలుపు మందు కొట్టకూడదని కాగితంలో రాయించుకోండి.

దానికంటే మంచి బేరం ఇంకోటి ఉంది. సిటీవాళ్లకి గడ్డి కావాలి. మన దగ్గర గరిక ఉంది, పేడ ఉంది, ఘనజీవామృతం ఉంది, నాటడం తెలిసిన చేతులున్నాయి. మందు కొట్టని గట్టు మీది గరికను తుంగ లేకుండా ఏరి, కట్టలు కట్టి, రెండు బస్తాల ఘనజీవామృతంతో పాటు తీసుకెళ్లి నాటి వచ్చే పని ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి పెట్టుకోవచ్చు. కూరగాయలు తీసుకుని వారం వారం సిటీకి వెళ్లేవాళ్లకి ఇళ్లు ఎలాగూ తెలుసు. గడ్డి అమ్మండి, ఎరువు అమ్మండి, మీ పనికి కూలి తీసుకోండి. పొలం మీది మట్టి మాత్రం పొలంలోనే ఉండనివ్వండి.

ముద్ద ఎంత చిక్కగా కలపాలి, ఎంత మందాన అలకాలి అన్నది చదివితే కంటే చూస్తే బాగా అర్థమవుతుంది. వీడియో చివరి దాకా చూడండి. రోహిణి ఎండల్లోనే నేల పని మొదలుపెట్టండి, మృగశిర వానకి సిద్ధంగా ఉంటారు.